ఇరవై లీటర్ల పచ్చదనం

బాల్కనీలో ఇరవై లీటర్ల డబ్బా, అక్వేరియం పంపు, వంటసోడా కలిపిన నీళ్లలో స్పిరులినా. రెండు నెలలు పెంచి, గుడ్డలో వడకట్టి ఎండబెడితే చేతికొచ్చింది 40 గ్రాములు. కిలో ఎండునాచు తయారవడానికి సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. అంటే నా డబ్బా పీల్చింది 72 గ్రాములు. 5 వాట్ల పంపు ఈలోపు ఏడు యూనిట్లు తాగింది. బొగ్గు కరెంటు లెక్కన అది ఐదు కిలోల పైమాటే! (నీళ్లు చిక్కబడితే పైనున్న నాచే లోపలి దానికి వెలుగు ఆపేస్తుంది. అందుకే కొన్ని కంపెనీలు సన్నటి గాజు గొట్టాలు వాడతాయి. వాటికీ పంపులే.)

నాన్న నవ్వలేదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువు చేసిన మనిషి.

"పగలు గాలిస్తుంది, రాత్రి అదే లాక్కుంటుందిరా," అన్నాడు.

తెల్లవారుజామున కరెంటు పోయి, ఏరేటర్లు ఆగి, రొయ్యలు గట్టుకొచ్చి చచ్చిన రోజు నేను హాస్టల్లో ఉన్నాను. ఆ ఏడు నా ఫీజు ఎలా కట్టాడో ఇప్పటికీ అడగలేదు.

పొడి కాస్త నాలిక్కి రాసుకున్నాడు.

"చెరువు వాసనే."