బండి విప్పిన వారం

షౌక్ కొద్దీ మార్పులు చేయించిన కారు అమ్మడం మామూలు కారు అమ్మినంత ఆసాన్ కాదు. పెట్టిన డబ్బు తిరిగి రాదు సరికదా, పెట్టినందుకే ధర తగ్గుతుంది. కుర్రాళ్లు తోలిన బండి, ఇంజన్ పిండేసి ఉంటారని కొనేవాళ్లకు షక్. అందుకే తెలిసినవాళ్లు ముందు బండిని విప్పి, కంపెనీ నుంచి వచ్చిన రూపానికి తెచ్చి, విప్పిన సామాను విడిగా అమ్ముకుంటారు. పోయిన ఏడాది మా ఇంట్లో ఆ పని వారం రోజులు నడిచింది.

మా తమ్ముడు మదనపల్లెలో టమాటా వ్యాపారం చేస్తాడు. 2023 జూలైలో టమాటా కిలో 150 రూపాయలు దాటిన రోజులు మీకు యాద్ ఉండే ఉంటాయి. ఆ కమాయీతో వాడు సెకండ్ హ్యాండ్ పోలో జీటీ కొన్నాడు. చూడ్డానికి చిన్న కారే, కానీ టర్బో ఇంజన్, 105 హార్స్‌పవర్. వాడికి అది చాల్లేదు. 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు, బండిని నేలకు దించే పొట్టి స్ప్రింగులు, మొహల్లా మొత్తం లేచి కూర్చునే సైలెన్సరు, బెంగళూరు వెళ్లి ఇంజన్ కంప్యూటర్‌కు రీమ్యాప్. పుంగనూరు ఆవులు పొట్టివంటారు గానీ, పక్కన నిలబెడితే మావాడి బండే పొట్టి. స్పీడ్ బ్రేకర్ వస్తే అమ్మీతో సహా అందరం దిగి నడవాల్సిందే.

సెప్టెంబరుకల్లా టమాటా ధర కూలిపోయింది. ఆ తర్వాతి సీజన్లు కూడా కలిసిరాలేదు. పుంగనూరు వైపు రైతులకు 4 లక్షలు బాకీ పడ్డాడు. ఒక రాత్రి దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, "ఆపా, బండి అమ్మేస్తా" అన్నాడు. ఎవరం మాట్లాడలేదు.

పాత స్ప్రింగులు, పాత సైలెన్సరు అటక మీదే ఉన్నాయి. కబాడీకి వేద్దామంటే అమ్మీ ఒప్పుకోలేదు కాబట్టి బతికాయి. పిల్లలు బండికి మార్పులు చేయిస్తామంటే ఆపలేకపోవచ్చు, కనీసం విప్పిన అసలు సామాను పారేయనివ్వకండి. పుంగనూరులో తెలిసిన మెకానిక్ దగ్గర పని పెట్టాం. స్ప్రింగు మార్చడం చూస్తే భయమేసింది. దాన్ని బిగించి నొక్కిపట్టే పనిముట్టు జారితే మనిషి ప్రాణానికే ఖత్రా. స్ప్రింగులు మారాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. రీమ్యాప్ తీయడానికి బెంగళూరు నుంచి ల్యాప్‌టాప్‌తో ఒక అబ్బాయి వచ్చాడు. స్టీరింగ్ కింద వైరు గుచ్చి, దాచి ఉంచిన అసలు ఫైలు తిరిగి ఎక్కించాడు. అరగంట పని.

స్టిక్కర్లు మాత్రం ఇంట్లో నేనే తీశాను, హెయిర్ డ్రయ్యర్ వేడితో. స్టిక్కర్ ఉన్నచోట రంగు ఎండకు వెలవదు కాబట్టి ఆ గీతలు అలాగే కనిపిస్తున్నాయి. వెనక అద్దం మీది 'మాషాఅల్లాహ్' ఆఖరున తీశాను. దాన్ని చెత్తలో ఎలా వేస్తాం? అమ్మీ తీసుకుని పాత ఖురాన్ పారాలు దాచే సంచిలో పెట్టింది.

ఇదంతా ధర కోసమే కాదు. కంపెనీ లెక్కకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఆ ఏడాది వచ్చిన సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అలాంటి బండిని కొనేవాడి నెత్తిన పెట్టడం నాకైతే బాగా అనిపించలేదు.

అసలు ఝగడా తర్వాత మొదలైంది. కుప్పం నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. 4,75,000కు మాట కుదిరింది. "అన్నీ విప్పేశాం కదా, ఇక చెప్పడం దేనికి? అడిగితే చెబుదాం" అన్నాడు తమ్ముడు. విప్పినంత మాత్రాన జరిగింది పోదు కదా. పొట్టి స్ప్రింగుల మీద రెండేళ్లు తిరిగిన షాకబ్జార్బర్లు అవే. ఎక్కువ బలం మోసిన ఇంజనూ, గేర్‌బాక్సూ అవే. కంప్యూటర్‌లో ఎన్నిసార్లు ఫైలు మార్చారో కొన్ని బండ్లలో లెక్క మిగిలిపోతుంది కూడా.

నేను వాదించలేదు. అమ్మీయే అడిగింది: "క్రేటులో పైన ఎర్రటి పండ్లు పేర్చి కింద మెత్తబడినవి వేస్తే నువ్వు ఆ రైతును ఏమంటావు బేటా?" బజారులో ధాన్యం కుప్పలో ప్రవక్త (స) చెయ్యి పెడితే లోపల తడి తగిలిన వాకియా మనందరికీ తెలిసిందే. తడిసిన గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అమ్మేవాణ్ణి అడిగారాయన. తమ్ముడికీ తెలుసు. తెలిసే కదా అంత కోపం వచ్చింది. "రైతుల బాకీ ఎవరు తీరుస్తారు?" అని అరిచాడు. ఆ సవాలు కూడా సహీ సవాలే.

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయేదాకా వాడు నోరు విప్పలేదు. అబ్బాయి వాళ్ల నాన్న బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "బాగా పెట్టుకున్నారు సాయిబూ" అన్నాడు. అప్పుడు తమ్ముడే మొదలుపెట్టాడు. ఒక్కొక్కటిగా అన్నీ చెప్పాడు, ఫోన్‌లో పాత ఫొటోలు చూపించాడు, విప్పిన బిల్లు చేతికిచ్చాడు. పెద్దాయన చాలాసేపు ఆలోచించి, షాకబ్జార్బర్ల ఖర్చు కింద 30,000 తగ్గించమన్నాడు. తగ్గించాం. పెద్దాయన లోపలికి వెళ్లగానే కొడుకు మెల్లగా, "అన్నా, ఆ సైలెన్సర్ ఉందా?" అని అడిగాడు. తమ్ముడు చాన్నాళ్లకు నవ్వాడు. ఇవ్వలేదు లెండి.

ఫారం 29, 30 మీద సంతకాలు అక్కడే చేయించాను. ఆర్‌సీలో పేరు మారేదాకా యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు చేతికొచ్చాక ఎవరూ గుర్తుపెట్టుకోని మాట ఇది. పేరు మారిందా అని వారానికోసారి ఫోన్ చేసి అడిగాను, విసుక్కున్నా సరే.

చక్రాలు బెంగళూరులో అమ్ముడుపోయాయి. పొట్టి స్ప్రింగులు ఇంకా అటక మీదే ఉన్నాయి. తమ్ముడు పుంగనూరుకు బస్సులో వెళ్లి రైతుల డబ్బు చేతికిచ్చి వచ్చాడు. మిగిలిన నలభై వేలలో కొంత నాకిస్తానన్నాడు. అమ్మీ కళ్లద్దాలకు పెట్టమన్నాను.