హార్లిక్స్ సీసాలో ఇసుక

మే నెలాఖర్లో ఫోను మోగిందంటే బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో గుండెలు దడదడలాడతాయండీ. మాదీ ఆ బాపతు సంసారమే. మా ఆయనకి మూడేళ్లకోసారి బదిలీ. 1998లో చీరాల నుంచి కరీంనగర్ వేశారు. మావాడికప్పుడు ఏడేళ్లు.

సామాను కష్టాలు చెప్పను, అవి మీకూ తెలిసినవే. పిల్లాడి సంగతి చెబుతా వినండి.

రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక వాణ్ని ఒళ్లో కూచోబెట్టుకుని, "దేవుడి చిత్తం నాన్నా, ఏడవకూడదు" అన్నాను. వాడు చేత్తో ముక్కు తుడుచుకుని, "దేవుడు నాన్నకి చెప్పాడేమో, నాకు చెప్పలేదుగా" అన్నాడు. సండే స్కూల్లో పదేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, నాకు నోరు పెగిలితే ఒట్టు!

మన ఇళ్లలో ఇదో అలవాటు. పిల్లాడి కన్నీళ్లు ఆరకముందే ఓ వాక్యం అప్పజెప్పేస్తాం. అబ్రాహాము 75 ఏళ్ల వయసులో హారాను వదిలి బయల్దేరలేదా అంటాం. బయల్దేరాడు, పిలుపొచ్చింది ఆయనకి కదా! వెంట నడిచిన లోతుని ఎవరడిగారు?

నాకైతే ఇలాంటప్పుడు యిర్మీయాయే దగ్గరవాడనిపిస్తాడు. బబులోనుకి చెరపోయినవాళ్లకి ఆయన రాసిన ఉత్తరం 29వ అధ్యాయంలో ఉంది, తీరికగా చదవండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అంటాడు. రేపో ఎల్లుండో వచ్చేస్తారులే అని మాత్రం బుజ్జగించడు. 70 ఏళ్లు పడుతుందని ఉన్నమాట చెప్పేస్తాడు. నేనేమో మావాడితో "సెలవులకి సెలవులకి వచ్చేద్దాంరా" అని కోతలు కోశాను. అవతల రైలు టిక్కెట్లు ఎవరు తీస్తారు?

దానికి తోడు ఇంకో నిర్వాకం. ఎక్కే వయసు దాటిపోయిందిగా అని వాడి మూడు చక్రాల సైకిలు పక్కింటి పాపకిచ్చేశాను. వాణ్ని అడగలేదు. తెల్లారి ఆ పాప బెల్లు కొట్టుకుంటూ వీధిలో తిరుగుతుంటే మావాడు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఏడవనైనా లేదు. "తప్పయిందిరా" అన్నాను. అప్పుడు ఏడ్చాడు.

ఆఖరి ఆదివారం ఓడరేవు బీచికి తీసుకెళ్లాం. వాడు హార్లిక్స్ సీసాలో ఇసుక నింపుకుని, మూత బిగించి, చొక్కాతో తుడిచి మరీ తెచ్చాడు. "ఇసుకెందుకురా, కరీంనగర్‌లో మానేరుంది" అని గుంజుకోబోయాను. మా ఆయన అడ్డుపడ్డారు: "యొర్దాను దాటేప్పుడు యెహోషువ పన్నెండు రాళ్లు మోయించాడు. వీడు మోసేది ఒక్క సీసాయేగా, ఉండనియ్యి!"

కొత్త ఊళ్లో మొదటి దెబ్బ కిరాణా దుకాణంలో తగిలింది. "అర కిలో పంచదార" అన్నాడు వీడు. "షక్కరా?" అన్నాడు దుకాణాయన. "కాదు, పంచదార" అని వీడు. చివరికి ఖాళీ సంచీతో ఇంటికొచ్చి, "ఈ ఊళ్లో పంచదార దొరకదంటమ్మా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ వాడి మొహం చూసి మింగేశాను.

చీరాలలో మాది లూథరన్ గుడి, ఇక్కడ సి.ఎస్.ఐ. ఆరాధన క్రమం కాస్త తేడా. వాడు నా కొంగు వదల్లేదు. ఇంతలో కీర్తన మొదలైంది. అది చీరాల కీర్తనే! ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మరి, సంఘాలు వేరైనా చాలాచోట్ల అదే. అందులో బోలెడు పాటలు కట్టిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మాత్రం ఈ ఊరివారా, ఆ ఊరివారా? బెంగాలీ కుటుంబంలో పుట్టి తెలుగులో పాడుకున్న మనిషి. మావాడు పుస్తకం తెరవకుండానే గొంతెత్తాడు. ముందు వరసలో ముసలమ్మ వెనక్కి తిరిగి, "ఏ ఊరు బిడ్డా?" అని చేతిలో పిప్పరమెంటు పెట్టింది.

అంతటితో తీరిపోయిందనుకోకండి. దసరా దాకా రాత్రిళ్లు ఏడుస్తూనే ఉన్నాడు. నేను వాక్యాలు మానేసి పక్కన పడుకునేదాన్ని. ప్రార్థనలో చీరాల స్నేహితుల పేర్లన్నీ వరసగా చెప్పేవాడు, వాళ్ల కుక్కతో సహా. చెప్పనిచ్చాను. క్రిస్మస్ దగ్గరపడ్డాక ఓ రాత్రి ఆ వరసలోకి ఇక్కడి బెంచీ పిల్లాడి పేరొకటి చేరింది. నేను గమనించనట్టే ఊరుకున్నాను.

మూడేళ్లకి మళ్లీ లారీ వచ్చింది. ఈసారి వాడి సామాను వాణ్నే సర్దుకోమన్నాను. హుజూరాబాద్ దాటాక ఉన్నట్టుండి గుర్తొచ్చింది నాకు, ఇసుక సీసా వంటింటి గూట్లోనే ఉండిపోయింది. వాడికేసి చూశాను. స్నేహితులిచ్చిన గోళీల సంచీ ఒళ్లో పెట్టుకుని, లెక్క తప్పినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటున్నాడు. నేను మాట్లాడలేదు. ఖమ్మం దాకా కిటికీలోంచి చూస్తూ కూచున్నాను.