సీసా ధర సరే, నెల ఖర్చు సంగతేంటి?

పోయిన శనివారం డాలస్‌లో తెలిసినవాళ్లింట్లో వ్రతం. భోజనాల దగ్గర షుగర్ మాట వచ్చింది. "మన దగ్గర ఇన్సులిన్ సీసా నూట అరవై రూపాయలే. ఇక్కడ రెండొందల డెబ్బై డాలర్లు గుంజారు కదండీ!" అన్నాడొకాయన. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. నాకు ముద్ద దిగలేదు. ఆయన చెప్పిన ధరలు నిజమే. సీసా పక్కన సీసా పెట్టి చేతులు దులుపుకుంటారే, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

రెండు సీసాలూ పది మిల్లీలీటర్లవే. మనూళ్లో మామూలుగా అమ్మే సీసాలో మిల్లీలీటరుకి 40 యూనిట్లు, మొత్తం 400. అమెరికా సీసాలో మిల్లీలీటరుకి 100, మొత్తం 1000. చర్ల మండలంలో ఉండే మా పెద్దమ్మ పొద్దున 26, రాత్రి 14 యూనిట్లు వేసుకుంటుంది. నెలకి 1200. అంటే మూడు సీసాలు. ఆమె వాడేది 30/70 హ్యూమన్ ఇన్సులిన్. ధర మీద కేంద్రం పరిమితి ఉంది కాబట్టి నెలకి దాదాపు ఐదొందలతో సరిపోతుంది. అదే గ్లార్జిన్ లాంటి కొత్త రకమైతే 300 యూనిట్ల కార్ట్రిడ్జి ఒక్కటే దాదాపు ఐదారొందలు. అన్నే యూనిట్లకి నాలుగు కావాలి, రెండు వేలు దాటుతుంది. 2022లో గ్లార్జిన్‌ని కూడా అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేర్చారు. మంచి పని. అయినా కూలి డబ్బుల మీద బతికే ఇంట్లో ఐదొందలకీ రెండు వేలకీ ఉన్న తేడా పిల్లల ఫీజంత.

ఇక అమెరికా సంగతి. హ్యూమలాగ్ అనే ఇన్సులిన్ 1996లో సీసా 21 డాలర్లకి వచ్చింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి 275 డాలర్ల దగ్గరికి పోయింది. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్, కొలిప్ 1923లో తలా ఒక్క డాలరు తీసుకుని పేటెంటు టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చారే! ఇంత డబ్బున్న దేశంలో జనం డోసు తగ్గించుకుని, సూది ఎగ్గొట్టి నెట్టుకొచ్చారు. ఆ మాట తలుచుకుంటే మన ధరల పరిమితికి దండం పెట్టాలనిపిస్తుంది.

కానీ ఇక్కడివాళ్లని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. 2023 నుంచి మెడికేర్ ఉన్న పెద్దవాళ్లకి ఒక్కో రకం ఇన్సులిన్‌కి నెలకి 35 డాలర్లు మించకూడదని చట్టం చేశారు. నెలకి, సీసాకి కాదు! రోగి బతికేది నెలల లెక్కన అని ఆ చట్టానికి తెలిసింది. మన భోజనాల దగ్గర పెద్దమనుషులకే ఇంకా తెలియలేదు.

చర్ల దాకా వచ్చేసరికి ఈ లెక్క కూడా చాలదు. మందు కోసం వెళ్లే భద్రాచలం అక్కణ్నించి అరవై కిలోమీటర్లు. ఆడవాళ్లకి బస్సు ఉచితం, అది నిజంగా పెద్ద సాయం. తోడు వెళ్లే కొడుక్కి టికెట్టూ ఉంది, ఆ రోజు కూలీ పోతుంది. ఉచితంగా ఇచ్చే చోట స్టాకు లేదంటే మళ్లీ రావాలి. ఇక సిరంజిలు, పరీక్ష చేసుకునే స్ట్రిప్పులు. స్ట్రిప్పు ఒక్కోటి పదిహేను, ఇరవై రూపాయలు. వారానికి రెండుసార్లు చూసుకోమంటే, "చూసుకుంటే తగ్గుద్దా నాయనా?" అంటుంది పెద్దమ్మ. ఇదీ నెల ఖర్చు. సీసా మీద ఇందులో ఒక్కటీ రాసుండదు.

ఎండాకాలం మందు చెడకుండా ఉంచాలంటే ఫ్రిజ్ ఉన్నా కరెంటు ఉండాలి కదా. మా తాతకి అసలు ఫ్రిజ్జే లేదు. చిన్న మట్టిముంతలో సీసా పెట్టి, మూతి మీద తడిగుడ్డ కట్టి, తడి ఇసుకలో దించేవాడు. గుడ్డ ఆరితే మళ్లీ తడపడం మా పని. ఆ రోజుల్లో అది పశువుల క్లోమం నుంచి తీసిన మందు. గాజు సిరంజిని స్టీలు గిన్నెలో మరగబెట్టి, చల్లారాక పిస్టన్ లాగి, వెలుతురుకి ఎత్తి గీతలు చూసేవాడు. 1986లో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వచ్చినప్పుడు ఇల్లు వదిలి గట్టుకి చేరాం. తాత చేతిలో ఉన్నది ఆ ముంత ఒక్కటే. దానికి ధరెంతో నాకు గుర్తులేదు. ఆయన అడుగు జాగ్రత్తగా వేయడం గుర్తుంది.

ఆ గీతలు గుర్తొచ్చాయి కాబట్టే చెబుతున్నా. "ఈసారి వెళ్లేటప్పుడు నాలుగు సీసాలు పట్టుకెళ్లి మీ పెద్దమ్మకి ఇవ్వండి" అని వ్రతం భోజనాల దగ్గర సీసా ధరలు చెప్పినాయనే సలహా ఇచ్చాడు. సీసా లెక్క ప్రాణం మీదికి తెచ్చేది ఇక్కడే. మనూళ్లో ఎర్రమూత సిరంజి 40 యూనిట్ల ఇన్సులిన్‌ది. దాంతో అమెరికా సీసాలోంచి 26వ గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 65 యూనిట్లు. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. అర్ధరాత్రి చర్ల నుంచి ఎవరు తీసుకెళ్తారు? కాబట్టి ఎవరూ మందు మోసుకెళ్లకండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏ రకం, ఎన్ని యూనిట్లు, ఏ రంగు మూత, నెలకి మొత్తం ఎంతవుతోంది అని అడగండి. ఆ డబ్బు పంపండి. స్ట్రిప్పుల డబ్బు మాత్రం అడక్కుండానే పంపండి.

ప్రభుత్వానికి చెప్పేదీ ఇదే. చర్ల, దుమ్ముగూడెం ఊళ్లలో ఆశా కార్యకర్తలు ఇప్పటికే ఇల్లిల్లూ తిరుగుతున్నారు. నెలకి సరిపడా ఇన్సులిన్, దానికి తగ్గ సిరంజిలు, స్ట్రిప్పులు ఊరి ఉపకేంద్రంలోనే ఇవ్వండి. అక్కడ సోలార్‌తో నడిచే చిన్న ఫ్రిజ్ పెట్టండి. ధర తగ్గించే కష్టమైన పని మన దేశం ఎప్పుడో చేసింది. మిగిలింది అరవై కిలోమీటర్లు. ఆ దూరం మందు రావాలి, మా పెద్దమ్మ పోకూడదు.