మోర్గాన్ మోకాళ్లకు మరమ్మతు

ఇంగ్లండ్‌లోని వూస్టర్‌షైర్. పచ్చని మాల్వెర్న్ కొండలు. వాటి పాదాల దగ్గర మాల్వెర్న్ లింక్. పాత కార్లంటే ఇష్టముంటే అక్కడి పికర్స్‌లీ రోడ్డులో ఆగాల్సిందే. మోర్గాన్ స్పోర్ట్స్ కార్లు తయారయ్యేది అక్కడి ఎర్ర ఇటుకల షెడ్లలోనే! ఇప్పటికీ బాడీ లోపలి చట్రాన్ని యాష్ కలపతో చేస్తారు. ముందుగా టికెట్ తీసుకుంటే ఫ్యాక్టరీ అంతా చూడొచ్చు కూడా.

అయితే పాత మోర్గాన్ అసలు విచిత్రం ముందు చక్రాల దగ్గరుంది. 1909లో హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ తన తొలి మూడు చక్రాల బండికి పెట్టిన 'స్లైడింగ్ పిల్లర్' సస్పెన్షన్ అది. నిలువుగా బిగించిన ఉక్కు కడ్డీ... అదే కింగ్‌పిన్. గుంజకు తొడిగిన కడియంలా, చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్ దాని మీద పైకీ కిందకీ జారుతుంది. స్టీరింగ్ తిప్పితే దాని చుట్టూనే తిరుగుతుంది. పైన పెద్ద స్ప్రింగు, కింద చిన్నది. అంతే! 1936లో వచ్చిన నాలుగు చక్రాల కారుకూ ఇదే పద్ధతి. 2020లో పాత ఉక్కు ఛాసిస్‌తోపాటే ఇదీ సెలవు తీసుకుంది.

జారే చోట అరుగుదల తప్పదుగా. అందుకే చాలా మోడళ్లలో డ్రైవరు కాలి దగ్గర ఓ బటన్ ఉంటుంది. తొక్కితే ఇంజిన్ ఆయిల్ కింగ్‌పిన్లకు చేరుతుంది. మర్చిపోయారో, లోపలి కంచు బుష్‌లు అరిగి చక్రం ఊగుతుంది. జాకీతో ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపితే చేతికే తెలిసిపోతుంది.

ఇక విప్పడం... ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలబెట్టాలి. నొక్కుకుని ఉన్న స్ప్రింగును మెల్లగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే ముఖం పగులుతుంది! పాత బుష్‌లు తీసి కొత్తవి ప్రెస్‌తో దింపడం తేలికే. కానీ దిగాక వాటి రంధ్రం కాస్త ఇరుకవుతుంది. పైదీ కిందదీ ఒకే వరుసలో ఉండేలా పొడవాటి రీమర్‌తో చెక్కాలి. వరుస తప్పితే స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఎక్కువ చెక్కితే మళ్లీ ఊగుడే. కొత్త బుష్‌లు తెచ్చుకోవాల్సిందే. ఇక్కడ తొందర పనికిరాదు.

అన్నట్టు, బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన కార్లలో పెద్ద మార్పులు చేయనివాటికి 2018 నుంచి ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. యజమానులకు అది ఊరటే. కాకపోతే అరిగిన బుష్‌ను పట్టుకునే ఇన్‌స్పెక్టరూ లేడు. చక్రం పట్టుకుని కదిపి చూడాల్సింది యజమానే... వైచ్ కటింగ్ వాలు దిగకముందే!