తలుపులోని గరగర: ఆటోనగర్ స్టీరియో షెడ్డులో ఒక పరిశీలన

విజయవాడలో పటమటకు చేరువనున్న ఆటోనగర్ పేరు వినగానే లారీ బాడీలు కట్టే షెడ్లు, లేతు మిషన్లు, పాత ఇనుము గుట్టలు గుర్తుకు రావడం సహజమే అయినా, ఆ వరుసల మధ్యనే సీటు కవర్లు కుట్టేవారూ, కార్లకు స్టీరియోలు బిగించేవారూ కూడా తమ తమ దుకాణాలు నడుపుకుంటున్నారు. ఈ కథనానికి ఆధారమైన షెడ్డు రెండు కార్లు మాత్రమే పట్టే రేకుల కొట్టం. అందులో ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు, గోడకు వేలాడే స్పీకరు రింగులు, ఒక మూల అల్యూమినియం పొరతో మెరిసే షీట్ల చుట్టలు తప్ప చెప్పుకోదగిన సామగ్రి ఏమీ కనిపించదు. అయితే పాటలో బాస్ పడినప్పుడల్లా తలుపు గరగరలాడుతోందన్న ఫిర్యాదుతో వచ్చే బళ్లకు ఇక్కడ జరిగే వైద్యంలో సామగ్రి కంటే చెవికే ఎక్కువ పని ఉందని కొద్దిసేపు గమనించినవారికి బోధపడుతుంది.

బాస్ అని వాడుకలో పిలిచేది మంద్ర ధ్వని, అంటే సెకనుకు సుమారు 20 నుంచి 200 కంపనాలతో పుట్టే శబ్దం. ఈ సెకనుకు ఇన్ని కంపనాలన్న లెక్కనే పౌనఃపున్యమనీ, దాని ప్రమాణాన్ని హెర్ట్జ్ అనీ అంటారు. ధ్వని తీవ్రత మారకుండా పౌనఃపున్యం సగానికి తగ్గాలంటే స్పీకరు కోను నాలుగింతలు ఎక్కువగా ముందుకూ వెనక్కూ ఊగవలసి ఉంటుంది. 100 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు ఊగిన కోను 50 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు ఊగుతుందన్నమాట. మంద్ర స్వరాలు మనిషి చెవికి సులువుగా ఆనవని ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపారు. అందుచేతనే వినేవారు బాస్ మీటను పైకి తిప్పుతూ పోతారు, అందుచేతనే తలుపు మీద పడే భారమూ పెరుగుతూ పోతుంది. దీనికి విరుద్ధంగా, రెండు గట్టి వస్తువుల మధ్య సన్నని సందు మిగిలి అవి ఒకదాన్నొకటి కొట్టుకున్నప్పుడు వెయ్యి హెర్ట్జ్‌కు పైబడిన అతిస్వరాలు పుడతాయి, వాటిని చెవి ఇట్టే పట్టేస్తుంది. బాస్ ఎంత మెత్తగా ఉన్నా గరగర మాత్రం పంటి కింద రాయిలా తగలడానికి కారణం ఇదే.

కారు తలుపు ఒకే పలక కాదు. బయటి రేకు ఒక మిల్లీమీటరు కంటే పలచనిది. దాని వెనక అద్దం దిగే ఖాళీ, ఆ తర్వాత పెద్ద పెద్ద కన్నాలున్న లోపలి రేకు, ఆ కన్నాలను మూస్తూ జిగురుతో అంటించిన పాలిథిన్ పొర, అన్నిటికీ పైన చేతికి తగిలే ప్లాస్టిక్ ప్యాడ్ ఉంటాయి. స్పీకరు లోపలి రేకుకు బిగించి ఉండడంవల్ల కోను ముందుకు తోసే గాలి కారులోకీ, వెనక్కి తోసే గాలి తలుపు కడుపులోకీ వెళ్తాయి. ఆ వెనక గాలే రేకునూ, పొరనూ, లాకు రాడ్డునూ, వైర్ల కట్టనూ ఊపుతుంది. ప్యాడ్ మాత్రం రెండు వైపుల నుంచీ దెబ్బ తింటుంది.

పరిశీలన జరిగిన నాటి కారు ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్. దాని యజమాని అంతకుముందే వేరొక చోట స్పీకర్లు మార్పించి, యాంప్లిఫయర్ పెట్టించి, తలుపులకు కంపనాన్ని తగ్గించే షీట్లు కూడా వేయించుకున్నారు. “నాలుగు డోర్లకీ ఫుల్ డ్యాంపింగ్ చేయించాను కదన్నా, మళ్లీ ఇదేంటి?” అని ఆయన అడిగిన ప్రశ్నకు మేస్త్రి ఇచ్చిన సమాధానం క్లుప్తమైనది: “షీటు వేసింది రేక్కండి. కొట్టుకునేది ప్యాడండి.” ఈ వృత్తిలో కనిపించే పొరపాట్లలో అధికభాగం ఆ రెండు ముక్కల్లో ఇమిడి ఉందని చెప్పవచ్చు. షీటును చదరపు అడుగుల లెక్కన అమ్ముకోవచ్చు గనుక ఏ గరగరకైనా షీటే మందన్న అభిప్రాయం బజారులో స్థిరపడిపోయింది.

గరగర ఎక్కడిదో వెతకడం పాటతో మొదలుకాదు. పాటలో స్వరాలు క్షణక్షణం మారిపోతుంటాయి గనుక ఏ స్వరానికి ఏది మోగుతోందో తేలదు. అందుకని ఫోను నుంచి ఒకే ఒక్క శుద్ధ స్వరాన్ని 30 హెర్ట్జ్ నుంచి 200 దాకా మెల్లగా పెంచుతూ వినిపిస్తారు. ప్రతి వస్తువుకూ తనదైన సహజ పౌనఃపున్యం ఒకటి ఉంటుంది, బయటి నుంచి వచ్చే కంపనం దానితో కలిసినప్పుడు ఆ వస్తువు మితిమీరి ఊగుతుంది. దీన్నే అనునాదం అంటారు. ఆ కారు ముందు తలుపు 60 దాటిన కాసేపటికే అరవడం మొదలుపెట్టింది. స్వరాన్ని అక్కడే నిలిపి, మేస్త్రి అరచేతితో ప్యాడ్ అంచులను, అద్దాల స్విచ్చుల పలకను, సీసా పెట్టుకునే అరను, స్పీకరు జాలీని ఒక్కొక్కటిగా అదుముతూ పోగా, జాలీ కింది అంచును నొక్కినప్పుడు గరగర సగం తగ్గింది, పిడి పక్కనున్న మూలను మోచేత్తో కూడా అదిమినప్పుడు పూర్తిగా ఆగింది. అంటే చప్పుడు ఒకటి కాదు, రెండు. పెద్ద చప్పుడు చిన్నదాన్ని కప్పేస్తుంది గనుక ఒకటి బాగుచేశాక రెండోది కొత్తగా పుట్టినట్టు అనిపిస్తుందనీ, పని చెడిందన్న తగాదాలు తరచూ అక్కడే మొదలవుతాయనీ ఆయన వివరించారు. ఆ రెండు చోట్లా పేపరు టేపు ముక్కలు అంటించాకే స్క్రూడ్రైవర్ బయటికి వచ్చింది.

ప్యాడ్ విప్పడంలో బలం కంటే క్రమం ముఖ్యం. పిడి గిన్నెలో మూత కింద దాగిన స్క్రూ, చేతి ఆనుపు కింది స్క్రూ తీశాక, కింది అంచున ప్లాస్టిక్ పట్టీ దూర్చి లేపితే క్లిప్పులు ఒకదాని వెంట ఒకటి టక్కుమంటూ ఊడివస్తాయి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే అవే విరుగుతాయి. ఈ తలుపులో మూడు క్లిప్పులు ముందే విరిగి ఉన్నాయి, వాటిలో రెండు సరిగ్గా టేపు అంటించిన మూలలోనే ఉన్నాయి. స్పీకరుకూ జాలీకీ మధ్య వేలెడు సందు ఉండడంవల్ల గాలి నేరుగా ప్యాడ్ వెనక్కి దూరి దాన్ని తోస్తోంది. పాలిథిన్ పొర చిరిగి వేలాడుతోంది, లాకు రాడ్డు లోపలి రేకు అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది, ఒక వైరు కనెక్టరు ఏ ఆధారమూ లేక ఊగుతోంది. బయటి రేకు మీద మాత్రం షీటు నిండుగా, అందంగా పరిచి ఉంది.

చికిత్స ఖరీదైనది కాదు. విరిగిన క్లిప్పుల స్థానంలో కొత్తవి, రాడ్డు చుట్టూ నూగు ఉన్న గుడ్డ టేపు, కనెక్టరు వెనక ఫోము ముక్క, స్పీకరు చుట్టూ జాలీని తాకేంత మందంగా ఫోము రింగు, ప్యాడ్ వెనక ప్లాస్టిక్ పలకలు ఒకదానిపై ఒకటి ఆనే చోట్ల మళ్లీ ఆ గుడ్డ టేపే. స్పీకరు కింద గతంలో వేసిన ఎండీఎఫ్ రింగు, అంటే చెక్క నారను అదిమి చేసిన పలక, వాన నీటికి ఉబ్బి స్క్రూలను వదిలేసింది. దాని బదులు ప్లాస్టిక్ రింగు పెట్టారు. రంగు వేయని ఎండీఎఫ్‌ను తలుపులో వాడడం కోస్తా వానల్లో ఎంతమాత్రం తగదు.

ఇంత చెప్పినా షీటు నిరర్థకమని కాదు. అది రెండు పొరల పదార్థం: రేకుకు అంటుకునే బ్యూటైల్ రబ్బరు జిగురు, దానిపై అల్యూమినియం రేకు. బ్యూటైల్ 1937లో అమెరికాలోని స్టాండర్డ్ ఆయిల్ ప్రయోగశాలలో రూపొందిన కృత్రిమ రబ్బరు. తలుపు రేకు వంగినప్పుడు కిందా పైనా ఉన్న రెండు లోహాల మధ్య జిగురు పక్కకు సాగి, కంపనశక్తిలో కొంత వేడిగా మారిపోతుంది. ఈ పద్ధతిని ఎడ్వర్డ్ కెర్విన్ 1959లో గణితపరంగా విశ్లేషించాడు. మృదంగానికి తొప్పి వైపు రవ్వ ముద్ద అద్ది మోతను దించి మెత్తబరచడం మనకు తెలిసినదే. ఇక్కడి సూత్రం దానికి దూరపు చుట్టమే గాని, ఇందులో బరువు కంటే జిగురు సాగుదలకే ప్రాధాన్యం. పలక అంతటా ఒకేలా ఊగదనీ, కొన్ని గీతల వెంట కదలకుండా ఉండి వాటి మధ్య అధికంగా ఊగుతుందనీ జర్మనీకి చెందిన క్లాడ్ని 1787లో పలకలపై ఇసుక చల్లి చూపాడు. కాబట్టి రేకు ఎక్కువగా ఊగే మధ్యభాగాన నాలుగో వంతు మేర షీటు వేసినా ప్రయోజనంలో పెద్దపాలు దక్కుతుంది. వేలి కణుపుతో కొట్టినప్పుడు డబ్బాలా మోగే చోటు షీటు కోరుతుంది, టప్పుమని ఆగిపోయే చోటు కోరదు. తారుతో చేసిన చవక షీట్లు మాత్రం మన ఎండల్లో మెత్తబడి జారతాయి, కారంతా వాసన పట్టిస్తాయి.

షీటుకు నిజమైన రెండో ఉపయోగం లోపలి రేకు కన్నాలను మూయడం. అవి తెరిచి ఉంటే కోను వెనక గాలి ముందు గాలితో కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, దాంతో బాస్ చప్పబడుతుంది, యజమాని మళ్లీ మీట పెంచుతాడు. ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. అద్దం రబ్బరు పక్కనుంచి దిగే వాన నీరు తలుపు అడుగున ఉన్న చిల్లుల గుండా బయటికి పోవాలి, అవి మూసుకుపోతే రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. రెండోది, కొన్ని కార్లలో పక్క నుంచి గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగును విప్పించే పీడన సెన్సర్ తలుపు కడుపులోనే ఉంటుంది. అది తలుపు నొక్కుకుపోయినప్పుడు గాలిలో వచ్చే మార్పును పసిగట్టి పనిచేస్తుంది గనుక, తయారీదారు అమర్చిన మూతలను మార్చే ముందు ఆ కారులో అలాంటి సెన్సర్ ఉందో లేదో చూసుకోవడం తప్పనిసరి.

ప్యాడ్ తిరిగి ఎక్కించే ముందు అద్దాన్ని పూర్తిగా దించి, ఎత్తి చూశారు. కొత్త ఫోము అద్దం దారిలోకి వస్తే దాని మోటారు పాడవుతుంది. ఆ తర్వాత యాంప్లిఫయర్‌లో 80 హెర్ట్జ్ దిగువ స్వరాలను తలుపు స్పీకర్లకు క్రమంగా తగ్గించే హైపాస్ ఫిల్టరును అమర్చి, ఆ భారాన్ని డిక్కీలోని సబ్‌వూఫర్‌కు, అంటే బాస్ కోసమే ఉన్న స్పీకరుకు, వదిలారు. ఆరున్నర అంగుళాల స్పీకరును 40 హెర్ట్జ్ పలికించమని బలవంతపెట్టడం అనవసరమైన హింస, తలుపు గొడవల్లో సగం ఈ ఒక్క అమరికతోనే మొదలు కాకుండా ఆగిపోగలవు. స్వరాన్ని మళ్లీ 30 నుంచి 200 దాకా నడిపించినప్పుడు ముందు తలుపులు రెండూ నోరెత్తలేదు, 70 దాటగానే వెనక నంబరు ప్లేటు మోగింది. దాని వెనక ఫోము పట్టీ అంటించి, యజమాని చేత ఆయనకు ఇష్టమైన పాటనే పెట్టించారు. బిల్లులో క్లిప్పులు, టేపు, రింగులు, కూలి అని రాశారు. షీటు అన్న గడి ఖాళీగానే ఉంది.