ఆ రాత్రి నేనిచ్చిన సలహా

కాసిపేట గనిలో ముప్పయ్యేళ్లు కోల్‌ఫిల్లరుగా పనిచేసి విశ్రాంతి పొందిన నా పొరుగింటి మిత్రునికి 2021 మే నెలలో కరోనా సోకింది. ఐదవనాటి రాత్రి ఫోను చేసి, "సారూ, ఛాతిల మంటగున్నది, ఎడమ చెయ్యి గుంజుతున్నది" అన్నాడు.

"గ్యాసై ఉంటుంది. ఇప్పుడు దవాఖానకు పోతే మంచం దొరకదు. తెల్లవారనివ్వు" అన్నాను. వ్యాకరణం చెప్పిన నోటితో వైద్యం చెప్పాను.

తెల్లవారిన పిమ్మట మంచిర్యాలకు తీసుకొనిపోయారు. గుండెపోటు వచ్చి ఏడు గంటలయిందన్నారట. గడ్డను కరిగించే సూది వేశారు. మూడవనాడు ఆయన లేడు.

తరువాత చదివి తెలుసుకొన్నాను. ఈ వైరస్ రక్తనాళాల లోపొరను దెబ్బతీసి, నెత్తురు గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఉత్తర అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో, కరోనాతోపాటు తీవ్రమైన గుండెపోటు వచ్చినవారిలో 100కు 33 మంది ఆసుపత్రిలోనే మరణించారు. మహమ్మారికి పూర్వం అదే వయసు గుండెపోటు రోగులలో ఆ సంఖ్య 4. మన దేశంలోనూ 2020 లాక్‌డౌన్ నాళ్లలో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారు ముందటేటికంటె మూడవ వంతుకు పైగా తగ్గారు. దారులు మూతబడి, భయం పట్టుకొని ఎందరో ఇండ్లలోనే ఉండిపోయారు.

ఆ రాత్రే పోయి ఉంటే ఆయన బ్రతికేవాడని చెప్పలేను. కాని ఆ ఏడు గంటలకు బాధ్యుణ్ణి నేను.

మిత్రులారా, ఛాతీనొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకండి. జ్వరమున్నా, మహమ్మారి ఉన్నా వెంటనే 108కు ఫోను చేయండి.

ఆయన ఇల్లాలు నేటికీ నన్ను "సారూ" అనే గౌరవంగా పిలుస్తుంది. తలెత్తి పలుకలేకున్నాను.