పరిహాసము - శునక స్వభావము

నన్నయ భారతంలో ఆదిపర్వ కథారంభంలోనే ఒక కుక్కపిల్ల ఏడుపు వినిపిస్తుంది. జనమేజయుని యాగశాల చెంత ఆడుకొంటున్న సారమేయుణ్ణి రాజసోదరులు నిష్కారణంగా కొట్టారు. తల్లి సరమ వచ్చి, నిరపరాధులను బాధించేవారికి అనుకోని భయాలు కలుగుతాయని చెప్పి వెళ్ళింది. ఈ ఘట్టాన్ని ఏటేటా బోధిస్తూ వచ్చినా, దాని అంతరార్థం మాకు బోధపడింది నల్లగొండలో, ఒక వసతిగృహం వాకిట.

ఆ వాకిట మూడు కుక్కలుండేవి. భోజనానంతరం జొన్నరొట్టె ముక్క చూపి, విసిరినట్లు చేయి ఊపి, దానిని పిడికిట దాచుకోవడం మాకొక వినోదం. పరిహాసం ఒక్కటే, స్పందనలు మూడు. విద్యార్థులు 'ఎర్రోడు' అని పిలిచే కుక్క ప్రతిసారీ వేపచెట్టు దాకా పరుగెత్తి, వెదకి, తోక ఊపుతూ తిరిగి వచ్చేది. దానికి పరుగే పండుగ. ముసలి 'భీముడు' కదలక మా పిడికిలినే చూస్తూ కూర్చుని, చివరకు ఒక్కసారి మొరిగి తన వాటా అడిగేది. 'మల్లి' మాత్రం ఒకసారి పరుగెత్తింది. రెండవసారి రెండడుగులు వేసి ఆగి, మా ముఖంలోకి చూసింది. మూడవసారి లేచి వెళ్ళిపోయింది. తరువాత నిజంగానే రొట్టె వేసినా, మేము దూరంగా వెళ్ళేవరకు ముట్టలేదు.

2021లో జర్మనీ పరిశోధకులు 51 కుక్కలను పరీక్షించి ఒక విశేషం ప్రకటించారు. తిండి ఇవ్వబోయి కావాలనే వెనక్కు తీసుకొన్నప్పుడు, దాని దగ్గరకు రావడానికి కుక్కలు ఎక్కువసేపు వెనుకాడాయి. చేయి జారి తిండి పడిపోయినప్పుడు అంతగా వెనుకాడలేదు.

మల్లి చూపు మాకు కొత్తది కాదు. అంతకు కొన్నేళ్ళ క్రితం తరగతిలో ఒక విద్యార్థి ఉచ్చారణను సరదాగా అనుకరించాము. అందరూ నవ్వారు, అతడూ నవ్వాడు. కాని ఆ ఏడాది మరెన్నడూ అతడు నోరు విప్పి పద్యం చదవలేదు.

మహబూబ్‌నగర్‌లో మా చిన్ననాట కుక్క గడప దాటరాదని దాదీ కట్టడి చేసేది. దప్పిగొన్న కుక్కకు బావిలో దిగి నీరు తెచ్చి తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసును మాకు వినిపించిందీ ఆమెయే. అది జ్ఞప్తికి వచ్చి, మరునాటి నుండి మల్లి ముందు రొట్టె పెట్టి మౌనంగా నిలిచేవారము. పదిరోజులకు అది మా ఎదుటనే తిన్నది. ఆ విద్యార్థి మాత్రం అప్పటికే చదువు ముగించుకొని వెళ్ళిపోయాడు.

ప్రియ విద్యార్థులారా, పరిహాసం నిరపాయమా కాదా అన్నది ఆడినవారు తేల్చేది కాదు. ఎదుటివాడు ఎర్రోడో, భీముడో, మల్లియో ముందు తెలుసుకొని నవ్వండి.